పురిటి గదిలో పాస్‌పోర్టు

మీరు ఇల్లు కదలాలంటే ఎవరి అనుమతి తీసుకుంటారు? పోలీసులదా, కలెక్టరుదా, మీ డాక్టరుదా? కాదు. వంటింటి గోడకు మేకు కొట్టి వేలాడదీసిన పంచాంగం అనుమతి తీసుకుంటారు. అవునా, కాదా? కోపం తెచ్చుకోకండి. ఈ నాలుగు పేజీల్లో కోపం తెచ్చుకునే హక్కు నాకొక్కదానికే ఉంది, దాన్ని చివరిదాకా వాడుకుంటాను. ఆ రోజుల్లో (రాతియుగం సంగతి కాదు లెండి, అందరి చేతుల్లోకీ పెద్ద తెర ఫోన్లు వచ్చేసి, రాహుకాలం కూడా ఫోనులోనే గంట కొట్టడం మొదలైన రోజులవి) నేను జనగామ బస్టాండు దగ్గర ఒక చిన్న ట్రావెల్ ఆఫీసులో పనిచేసేదాన్ని. అదే నా మొదటి ఉద్యోగం. అప్పటికి నా ఆస్తి అంతా కాలేజీ వక్తృత్వ పోటీల్లో గెలిచిన షీల్డులే. మూఢనమ్మకాల మీద, కులం మీద, గ్రహణాల మీద నేను మాట్లాడితే హాలు దద్దరిల్లేది. అందువల్ల నాకొక దృఢమైన నమ్మకం ఏర్పడిపోయింది (హేతువాదికి ఉండకూడనిదే, కానీ ఉండేది): మనిషికి సరైన వాదన వినిపిస్తే చాలు, హెచ్చరికగా కొట్టే మొదటి గంటకు తడబడతాడు, ముగించమని కొట్టే రెండో గంటకు మారిపోతాడు. పోటీల్లో న్యాయనిర్ణేతలు అలాగే తలలూపేవారు మరి.

మా ఆఫీసు ఒక ఎరువుల దుకాణం మీది గది. యూరియా వాసన మెట్లెక్కి పైకొచ్చి మాతోపాటే కూర్చునేది. బల్ల మీద ప్లాస్టిక్ విమానం బొమ్మ, దాని రెక్కకు దారంతో కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు. ఆఫీసు యజమానిని బజారంతా 'విమానం అన్న' అనేది. ఆయన అప్పటికి విమానం ఎక్కలేదు. కాశీ, షిర్డీ బస్సులు నడిపేవాడు, దుబాయి పోయే కూలీలకు టికెట్లు తీసేవాడు, ఎవరైనా 'గాల్లో ఎట్లుంటది అన్నా' అని అడిగితే కండ్లు మూసుకుని 'మబ్బులు తమ్మీ, అన్ని మబ్బులే' అనేవాడు. నేను చేరిన కొత్తలో, శకునం బాగాలేదని టికెట్టు వాయిదా వేసుకుందామని వచ్చిన ఒక దుబాయి మనిషికి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. అతను శ్రద్ధగా విన్నాడు. టికెట్టు వాయిదా వేయలేదు, ఎదురు ఆఫీసుకు వెళ్లి కొత్తగా తీసుకున్నాడు. ఆ సాయంత్రం విమానం అన్న నన్ను పిలిచి, "చెల్లే, కస్టమర్ దేవుడు. నువ్వు దేవున్ని నమ్మవు, మంచిదే. కని దేవునితోని కొట్లాట పెట్టుకుంటే దుకాణం మూస్కుంటం" అన్నాడు.

అలాంటి ఆఫీసుకు ఒకరోజు మహబూబాబాదు నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెప్పి, హెడ్మాస్టరమ్మగా రిటైరైన మనిషి. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. మెట్లు ఎక్కేటప్పుడు గోడను చేత్తో తడుముకుంటూ ఎక్కింది. కూర్చుని, సంచిలోంచి పాఠ్యపుస్తకం పేజీ ఒకటి తీసింది. ప్లాస్టిక్ కవరులో పెట్టి అట్టే దాచుకున్న పేజీ. మూలన బొటనవేలంత బొమ్మ, అచ్చు మసక.

"బిడ్డా, నాకు ఈ గోడ చూడాలని ఉన్నది" అంది.

"గోడ అంటే ఏంది టీచరమ్మా? చైనా గోడనా?" అన్నాడు విమానం అన్న, అప్పుడే రేటు లెక్క వేసుకుంటూ.

"కాదు. కంబోడియల ఉన్నది. పెద్ద గుడి. ఆ గోడ మీద క్షీరసాగర మథనం చెక్కిన్రు. దేవతలు ఒకదిక్కు, రాక్షసులు ఒకదిక్కు, నడుమ పాము. సర్వీసంత ఇదే బొమ్మ చూపెట్టి పాఠం చెప్పిన. పోరగాండ్లు 'టీచర్, మొఖాలు కనవడ్తలేవు' అనేటోళ్లు. నాకు మాత్రం ఎక్కడ కనవడ్డయి! సూసొచ్చి చెప్తా అనుకుంట అనుకుంటనే రిటైరైన." కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఇప్పుడు కంటి నరం ఎండిపోతున్నదట. పక్కలు మసకయినయి. నడుమ ఉన్నది ఉన్నన్ని దినాలు సూసుకోమన్నడు హన్మకొండ డాక్టరు. ఎన్ని దినాలో ఆయనకూ తెల్వదు. జల్ది చేయ్ బిడ్డా."

విమానం అన్న దగ్గర కంబోడియాకు తయారు సరుకు ఉంది: మొసళ్ల తోట, పడవ షికారు, బజారులో తిరగడం, మసాజు. ఆమె అవన్నీ విని, "మొసళ్లను నేనేం చేసుకోను నాయినా" అంది. ఒకే గోడకు రెండు పొద్దులు కావాలంది. మొదటి రోజు చూడటానికి, రెండో రోజు మళ్లీ చూడటానికి. ఆపైన అక్కడ తోలుబొమ్మలు చేసేవాళ్లు ఉంటారట, వాళ్ల పక్కన ఒక పూట కూర్చోవాలి. తాటిబెల్లం వండే ఊరొకటి చూడాలి. "అక్కడ గూడ తాటిచెట్లేనట బిడ్డా. మన మహబూబాబాదు పక్కన నెల్లికుదురు లెక్కనే ఉంటదేమో" అని నవ్వింది. విమానం అన్న తల పట్టుకున్నాడు. "ఒక్క గోడకు రెండు పొద్దులేందే చెల్లే, ఫోటో దిగితే అయిపాయె గదా" అని నా చెవిలో గొణిగాడు. నేను మాత్రం ఎగిరి గంతేశాను. అచ్చుగుద్దిన ప్యాకేజీలు అమ్మీ అమ్మీ విసిగిపోయిన దాన్ని. ఒక మనిషి కోరిక కొలతకు సరిపోయేలా ప్రయాణాన్ని కుట్టే పని నాకు అదే మొదలు. అక్కడి గైడుతో రోజూ ఫోనులో రాతకోతలు. అతని ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ సమానంగా పేదవి కాబట్టి మా ఇద్దరికీ చక్కగా అర్థమయ్యేది. ఏ వేళకు ఆ గోడ మీద వెలుతురు మంచిగా పడుతుంది, మెట్లకు పట్టుకోవడానికి ఏమైనా ఉందా, నడవాలో కూర్చోవడానికి అరుగు ఉందా అని నేను అడిగితే, అతను స్వయంగా వెళ్లి చూసొచ్చి చెప్పేవాడు. చేపల వాసన తగలని భోజనం దొరికే చోటు కూడా వెతికిపెట్టాడు.

ఈ పని నడిచినన్నాళ్లూ టీచరమ్మ మహబూబాబాదు నుంచి వస్తూ పోతూ ఉండేది, మాటల్లో తన సంగతులు చెబుతూ ఉండేది. ఒకటి చెబుతాను, నా కోపం ఎక్కడ రాజుకుందో మీకు తెలుస్తుంది. ఏటేటా పిల్లలను విహారయాత్రకు పంపే ఏర్పాటంతా ఆమెదే. బస్సు మాట్లాడేది ఆమె, పులిహోర కట్టించేది ఆమె, వాంతులు చేసుకునే పిల్లలకు నిమ్మతొనలు సర్దేది ఆమె. బస్సు కదిలే క్షణంలో మాత్రం ఊరి పెద్దమనిషి ఒకాయన వచ్చి, 'టీచరమ్మా, జర ఎనుకకు జరుగున్రి, ఎదురుంగ ఉండకున్రి' అనేవాడట. భర్త పోయిన ఆడది ఎదురైతే బస్సు బోల్తాపడుతుంది మరి! బ్రేకులు లేని బస్సుకు పర్వాలేదు, తాగి నడిపే డ్రైవరుకు పర్వాలేదు. "మీరేం చేసేవాళ్లు టీచర్?" అని పళ్లు కొరుక్కుంటూ అడిగాను. "బస్సు ఎనుక నిలవడి ఎక్కేదాన్ని. పోరగాండ్ల యాత్ర ఆగొద్దు గద" అంది మామూలుగా. ఆ మామూలుతనమే నన్ను మండించింది. చదువుకున్న మనిషి, చదువు చెప్పిన మనిషి, వందల మంది పిల్లలకు భూమి గుండ్రంగా ఉందని నేర్పిన మనిషి బస్సు వెనుక దాక్కోవాలి. దాక్కోమన్నవాడు సర్కారు వేదిక మీద శాలువా కప్పించుకోవాలి!

ఇక్కడ కాటారం పెద్దమ్మ ప్రవేశించింది. టీచరమ్మ భర్తకు పెద్దక్క, అంటే టీచరమ్మకు ఆడబిడ్డ. భూపాలపల్లి దాటాక కాటారంలో ఉంటుంది. అరవై దాటిన హెడ్మాస్టరమ్మను 'పిల్లా' అని పిలవగల మనిషి భూమ్మీద ఆమె ఒక్కతే. తమ్ముడి భార్య ఒక్కతే విదేశం పోతుందని తెలిసి, 'మందేమంటరు' (లోకులేమంటారు) అని తనూ బయలుదేరింది. 'దేవుని గుడే గదా, నాకూ పుణ్యమొస్తది' అంది. పాపం, టీచరమ్మ కాదనలేదు. కాదనే అలవాటు లేదు. టికెట్లు తీశాం, వీసాలు వచ్చాయి, ఇద్దరూ పాస్‌పోర్టులు తీసుకోవడానికి ఆఫీసుకు వచ్చారు. కాటారం పెద్దమ్మ ముందుగా కుర్చీ తుడిపించుకుంది, తరువాత సంచిలోంచి పంచాంగం తీసింది.

"ఎన్నడు బయలెల్లుడు?"

"శనివారం పెద్దమ్మా, శంషాబాదులో విమానం" అన్నాను.

ఆమె ముక్కు మీద వేలేసుకుంది. "శనివారమా! శనివారం తూర్పుకు శూల ఉంటది. ఎవడన్న పోతడా? టికెట్టు మార్పియ్యి."

నాలోని షీల్డులన్నీ ఒక్కసారి గలగలలాడాయి. "పెద్దమ్మా, మీరు ఇంటి నుంచి శంషాబాదు పోయేది తూర్పుకు కాదు, పడమటికి. శూల ఎట్ల తగుల్తది?"

"విమానం యాడికి పోతది?"

"తూర్పుకు."

"గదే నేను చెప్పేది."

"సరే! మరి భూమి రోజూ పడమటి నుంచి తూర్పుకే తిరుగుతున్నది గదా. శనివారం గూడ తిరుగుతున్నది. మీరు ఇంట్ల మంచం మీద పండుకున్నా శనివారం తూర్పుకు పోతున్నట్టే. దాన్నెట్ల ఆపుతరు?"

ఇది నా బ్రహ్మాస్త్రం. కాలేజీలో ఈ మాటకు హాలు లేచి చప్పట్లు కొట్టింది. కాటారం పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసి, "భూమికేం బిడ్డా. దానికి మొగడా, పిల్లలా? తిరుగుతది" అంది. విమానం అన్న పకపకా నవ్వాడు. టీచరమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను ఇద్దరి పాస్‌పోర్టులూ తీసి బల్ల మీద పెట్టాను. (ఆ మాటకు జవాబు ఇప్పటికీ వెతుకుతున్నాను.)

టికెట్టు మారిస్తే కట్టిన సొమ్ము తిరిగి రాదని తెలిశాక పెద్దమ్మే ఉపాయం చెప్పింది: ప్రస్థానం పెడదాం. తెలియనివారికి చెబుతాను. ప్రయాణం చేసే రోజు చెడ్డదైతే, ముందే ఒక మంచి ఘడియలో మన వస్తువులు కొన్ని మూటగట్టి పొరుగింట్లో పెడతారు. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే లెక్క. ఆ మూట మళ్లీ మన గడప లోపలికి రాకూడదు. బయలుదేరే రోజు పొరుగింటి నుంచే దాన్ని అందుకుని అటునుంచటే పోవాలి. చూశారా మన తెలివి? గ్రహాలు ఆకాశంలో కూర్చుని ప్రతి మనిషి కదలికనూ లెక్కగడతాయట, కానీ పొరుగింట్లో పెట్టిన ఒక చీర మూటను చూసి మోసపోతాయట. నమ్మేవాళ్లు కూడా తాము నమ్మినదాన్ని ఇంత అమాయకమైనదిగా చూడటం నాకు ఒళ్లు మండే విషయం. ఈ మాట అనబోయాను. బల్ల కింద విమానం అన్న కాలు నా కాలును గట్టిగా తొక్కింది. "మస్తు ఐడియా పెద్దమ్మా" అన్నాడు. ఆమె లేస్తూ రెండు పాస్‌పోర్టులూ తీసి తన సంచిలో వేసుకుంది. "నీకు కండ్లు సక్కగ ఆనవు గద పిల్లా, ఏడనో పారేసుకుంటవ్. నా తాన భద్రంగ ఉంటయ్" అంది. టీచరమ్మ చేయి బల్ల మీద కొంచెం ముందుకు జరిగి, అక్కడే ఆగిపోయింది.

శుక్రవారం పొద్దున్నే టీచరమ్మ ఫోను. గొంతు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంది. "బిడ్డా, మన ప్రయాణం ఆగిపోయినట్టే" అంది. జరిగింది ఇది. గురువారం మంచి ఘడియలో కాటారం పెద్దమ్మ ప్రస్థానం మూట కట్టింది. ఏదో ఒక చీర పెడితే పోయేది కదా! కట్టుబట్టలైతే తక్కువ ఫలం, ప్రయాణానికి ప్రాణం వంటి వస్తువు పెడితే ఎక్కువ ఫలం అని ఎవరో చెప్పారట. ప్రయాణానికి ప్రాణం ఏది? పాస్‌పోర్టు! రెండు పాస్‌పోర్టులూ పసుపు గుడ్డలో చుట్టి, అక్షింతలు చల్లి, పొరుగింటివాళ్ల లోపలి గది గూట్లో పెట్టించింది. ఆ ఇంటి ఆడపిల్ల కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. గురువారం సాయంత్రమే నొప్పులొచ్చి, భూపాలపల్లి దవాఖానలో ఆడపిల్లను కన్నది. తెల్లారేసరికి తల్లినీ బిడ్డనూ తెచ్చి, చల్లగా ఉంటుందని ఆ లోపలి గదిలోనే పడుకోబెట్టారు. అంటే ఇప్పుడది పురిటి గది. గదిలోని మూట మైల. మూటలోని పాస్‌పోర్టులు మైల. పురుడు వెళ్లేదాకా అక్కడి వస్తువు బయటికి రాకూడదు. పోనీ అని ఎవరైనా తెచ్చినా, ప్రస్థానం చెడిపోయింది కనుక ప్రయాణం కూడదు. నా ఇన్నేళ్ల చదువు, కాలేజీ షీల్డులు, భారత ప్రభుత్వం ముద్ర, కంబోడియా ప్రభుత్వం వీసా, అన్నీ కలిసి ఒక పసిగుడ్డ పక్కన గూట్లో ఇరుక్కున్నాయి.

"టీచర్, మీరు హన్మకొండ బస్టాండుకు రాండ్రి. నేను వస్తున్న" అన్నాను. విమానం అన్న అడ్డం వచ్చి, "పోయి లొల్లి చేస్తవా ఏంది? జర మెల్లగ" అన్నాడు. మెల్లగా! హన్మకొండలో టీచరమ్మను కలుసుకుని కాటారం బస్సెక్కాను. పరకాల దాకా పురుడు ఎందుకు అర్థం లేనిదో చెప్పాను. భూపాలపల్లి దాకా మైల అనే మాట వెనుక ఎవరి పెత్తనం ఉందో చెప్పాను. అడవి మొదలయ్యాక చెట్లకు కూడా చెప్పాను. టీచరమ్మ కిటికీ వైపు తల తిప్పి కూర్చుంది. మధ్యలో ఒక్కసారి, "బిడ్డా, అగో ఆ చెట్టు మీద ఉన్నది ఏం పిట్ట?" అని అడిగింది. చూస్తే చాలా పెద్ద కొంగ. అంత పెద్దదాన్నీ ఆమె పోల్చుకోలేకపోయిందని అర్థమై నోరు మూసుకున్నాను. ఆ ఒక్క నిమిషమే.

కాటారంలో దిగి ఆ ఇంటి ముందుకు చేరేసరికి వాకిట్లో ఊరు సగం ఉంది. కాటారం పెద్దమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. పొరుగింటి అవ్వ, అంటే బాలింత తల్లి, తలుపుకు అడ్డంగా నిలబడి ఉంది.

"అవ్వా, ఆ మూట ఇయ్యి. రేపు విమానం" అన్నాను.

"ఎట్లియ్యాలె బిడ్డా? నేను ముట్టుకున్న చేతులతోని ఇస్తే మీకు గూడ మైలే గదా. నువ్వు లోపలికి పోతవా, పో. మళ్ల పురుడెల్లేదాక బయటికి రానియ్య. ఆడనే గంజి పోస్త" అంది. ఎవరో కిసుక్కున నవ్వారు.

"టికెట్టు పోతే మళ్ల దొరుకతది" అంది కాటారం పెద్దమ్మ, తీర్పు చెబుతున్నట్టు. "చెడ్డ ఘడియల పోయి ఏమన్నయితే ఎవరు జవాబుదారు? దసరా ఎల్లినంక సూద్దాం."

అప్పుడు మొదలుపెట్టాను. ఇప్పటికీ నా జీవితంలో అదే నా ఉత్తమ ఉపన్యాసం. బిడ్డను బయటికి తీసిన డాక్టరమ్మకు మైల అంటిందా అని అడిగాను. ఆమె అదే చేతులతో అరగంటలో ఇంకో కాన్పు చేసింది కదా, ఆ బిడ్డకేమైంది? దవాఖాన నుంచి తెచ్చిన ఆటోకు మైల అంటిందా? ఆ ఆటోలో మీరంతా ఎక్కరా? బిడ్డ పుట్టడం పండుగ అంటారు, పుట్టించిన ఆడదాన్ని మాత్రం అంటరానిదాన్ని చేసి మూల కూర్చోబెడతారు. ఇదేం న్యాయం? భర్త చస్తే ఆమె ఎదురు రావద్దు, నెలసరి వస్తే ముట్టవద్దు, కాన్పయితే కనబడవద్దు! ఇంకేం మిగిలింది ఆడదానికి కదలడానికి? చేతులు ఊపాను, గొంతు పెంచాను, అరుగెక్కాను. జనం పనులు మాని నన్నే చూస్తున్నారు. కాటారం పెద్దమ్మ కూడా నోరు తెరిచి చూస్తోంది. తలుపు దగ్గరి అవ్వ తలుపు వదిలి, బాగా కనబడటానికి రెండడుగులు ముందుకు వచ్చింది. సరిగ్గా మొదటి గంట మోగే సమయం అనుకున్నాను, మనసులు తడబడుతున్నాయనుకున్నాను.

అప్పుడే ఇంటి లోపలి నుంచి ఒక నీరసమైన గొంతు వినిపించింది. "ఆ గూట్ల కాదు టీచరమ్మా, జర మీదికి. ఆఁ, గదే."

అందరం తలలు తిప్పాం. నా పక్కన నిలబడిన టీచరమ్మ లేదు. గడప బయట ఆమె చెప్పులు ఉన్నాయి. ఊరంతా నా నోరు చూస్తుంటే, ఆమె గోడ తడుముకుంటూ నేరుగా పురిటి గదిలోకి నడిచిపోయింది. నా మాటల్లో ఒక్కటి కూడా ఆమె వినలేదని తరువాత తెలిసింది. 'నువ్వు బస్సుల చెప్పినయే మళ్ల చెప్తున్నవ్ గద బిడ్డా' అంది.

వాకిట్లో కేక పుట్టింది. పొరుగింటి అవ్వ నెత్తి కొట్టుకుంది. కాటారం పెద్దమ్మ అరుగు దిగి గడప దాకా వచ్చి, గడప మీద కాలు పెట్టలేక అక్కడే గింజుకుంది. "పిల్లా! బొట్టు లేనిదానివి పురిటింట్ల అడుగు పెడ్తివా! పసిగుడ్డకు ఏమన్నయితే? బుద్ధున్నదా నీకు?"

టీచరమ్మ బయటికి వచ్చింది. చేతిలో ఒక్క పాస్‌పోర్టే ఉంది. దాని అట్టకు రెండు మూడు అక్షింతలు అంటుకుని ఉన్నాయి, కొంగుతో తుడిచింది. ఆమె గొంతు పెంచలేదు. బడిలో ఎన్నడూ పెంచని మనిషి, అక్కడ మాత్రం ఎందుకు పెంచుతుంది?

"వదినా, మంచి ఘడియ మళ్లొస్తది. నా కండ్లు మళ్ల రావు."

"ఒక్కదానివే పోతవా? మందేమంటరు?"

"ఏమన్న అననీ. నీ పాస్‌పోర్టు మూటల్నే ఉన్నది, నేను ముట్టలే. నీ మైల నీ ఇష్టం." చెప్పులు వేసుకుంది. వేసుకుంటూ పొరుగింటి అవ్వ వైపు తిరిగి, "పాపను సూసిన అవ్వా. నా చేతులకే ఇచ్చింది నీ బిడ్డ. మంచిగున్నది. కండ్లు పెద్దయి" అంది. లోపలి నుంచి బాలింత, "అమ్మా, ఏం కాలే, మంచిగ పండుకున్నది. జర లొల్లి చేయకున్రి, లేస్తది" అని కసిరింది. ఊరు ఊరంతా చప్పున గొంతు తగ్గించింది. నా ఉపన్యాసానికి తగ్గని గొంతులు ఆ ఒక్క కసురుకు తగ్గాయి. నేను ఇంకా అరుగు మీదే, చెయ్యి గాల్లోనే ఉంది. రెండో గంట ఎవరూ కొట్టలేదు. మెల్లగా దిగాను.

శనివారం, అదే చెడ్డ రోజున, అదే తూర్పు దిక్కుకు టీచరమ్మ ఒంటరిగా వెళ్లింది. నేనూ విమానం అన్నా శంషాబాదు దాకా దిగబెట్టాం. టికెట్టు లేనివాళ్లను లోపలికి రానివ్వనని తలుపు దగ్గరి సిపాయి ఆపేస్తే, విమానం అన్న అద్దానికి ముక్కు ఆనించి లోపలికి చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. "మబ్బులు కనవడ్తున్నయా అన్నా?" అన్నాను. అద్దానికి పట్టిన ఊపిరి ఆవిరిని చేత్తో తుడిచి మళ్లీ లోపలికి చూశాడు. విమానం పడిపోతుందని కాటారమంతా ఎదురుచూసింది. పడలేదు. పసిపాపకు ఏదో అవుతుందని ఎదురుచూసింది. ఏమీ కాలేదు, ఇప్పుడా పిల్ల బడికి పోతోంది, లెక్కల్లో గట్టిదట. వీటిలో ఒక్కటి జరిగి ఉన్నా తరతరాలు చెప్పుకునేవాళ్లు. జరగనిదాన్ని మాత్రం ఒక్కరూ చెప్పుకోరు. మూఢనమ్మకం బతికేది ఇలాగే: తప్పిన జోస్యాలకు సాక్షులు ఉండరు!

తిరిగి వచ్చాక టీచరమ్మ ఆఫీసు మెట్లెక్కి, తాటిబెల్లం పొట్లం బల్ల మీద పెట్టింది. "మొఖాలు కనవడ్డయా టీచర్?" అని అడిగాను. ఆమె కుర్చీలో వెనక్కు వాలింది.

"కనవడ్డయి బిడ్డా. మొదటి దినం వరుస పట్టి నడుసుకుంట సూసిన. రెండో దినం కూసోని సూసిన. రాక్షసులకు గుండ్రటి కండ్లు, దేవతలకు బాదంపప్పు లెక్క కండ్లు. కండ్లను బట్టే ఎవరెవరో తెలుస్తరు. గుంజేటప్పుడు మాత్రం అందరి నడుములు ఒక్కతీరుగనే వంగినయి. నేను పోరగాండ్లకు ఇది చెప్పలేకపోయిన సూడు." తాటిబెల్లం పొట్లం విప్పుతూ, "ఆ గైడు పిలగాడు నన్ను అన్నిటికీ ముందల నడువుమన్నడు. నాకు అలవాటు లేదాయె, రెండు మాట్ల ఆగిపోయిన" అంది.

ఈ కథకు మంచి ముగింపు ఇక్కడే ఉంది, కానీ లోకం మంచి ముగింపులకు లొంగదు. విమానం అన్న ఆ నెలలోనే మెట్ల దగ్గర కొత్త బోర్డు పెట్టాడు: 'శుభ ముహూర్తంలో విదేశీ యాత్రలు. ప్రస్థానం పెట్టుకొనుటకు ప్రత్యేక బీరువా సౌకర్యం కలదు.' పురుడు, మైల తగలని బీరువా అట, ఆఫీసులోనే! భయాన్ని కూడా సరుకు చేసి అమ్మేశాడు. నేను ఆ రోజే ఉద్యోగం మానేశాను, మానేస్తూ ఆయనకూ ఒక ఉపన్యాసం ఇచ్చాను. ఆయన ఆఖరిదాకా విని, "చెల్లే, నీ లెక్క నేను మాట్లాడగలిగితే హన్మకొండల ఇంకో బ్రాంచి పెడుదును" అన్నాడు.

ఇప్పుడు టీచరమ్మకు దాదాపు ఏమీ కనబడదు. వీధిలోని పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని ఆ గోడను ఈ మూల నుంచి ఆ మూల దాకా చెబుతుంది. వాళ్లు 'మొఖాలు ఎట్లున్నయి' అని అడిగితే ఆమె దగ్గర జవాబు ఉంది. నేనిప్పుడు ఇలాంటివి రాసి బతుకుతున్నాను. అరుగెక్కి చేతులూపిన ఆ పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. లోకాన్ని రెండు గంటల మధ్య మార్చేస్తాననుకున్న పిచ్చిది. నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా వేస్తుంది. అంత గొంతు ఇప్పుడు లేదు. ఆ గొంతు ఎవరినీ మార్చలేదు. కాకపోతే ఊరంతా అటు చూస్తున్నప్పుడు ఒక మనిషి ఇటునుంచి లోపలికి పోయి తనది తాను తెచ్చుకుంది. ఒక ఉపన్యాసం అంతకన్నా ఏం చేయగలదు?

ఇక మీ సంగతి. చదివి నవ్వుకుని పక్కన పడేస్తే ఒప్పుకోను. లేవండి. మీ ఇంట్లో ఆడవాళ్ల పాస్‌పోర్టు, బ్యాంకు పుస్తకం, కార్డు ఎవరి బీరువాలో, ఎవరి తాళం కింద ఉన్నాయో వెళ్లి చూడండి. మీ అమ్మవి, అత్తవి, వదినవి, భార్యవి. 'నా దగ్గరైతే భద్రంగా ఉంటాయి' అనే మాట నాకు చెప్పకండి, కాటారంలో చాలా విన్నాను. తాళం తీయండి. తీసి వాళ్ల చేతుల్లో పెట్టండి. పాస్‌పోర్టు అసలే లేదంటారా, రేపు పొద్దున ఆమె వెంట వెళ్లి దరఖాస్తు పెట్టించండి. ఎక్కడికి పోతావని మాత్రం అడగకండి.